ముప్పావు ఔన్సు సీసం

ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం. ఉదయం 8:20.

హోబర్ట్ టిలరీ శవాన్ని మొదట చూసింది పక్కింటావిడ. పడవలు కట్టే డాక్ పక్కన మోకాలిలోతు నీళ్లలో, ముఖం ఆకాశం వైపు. ఆయన పడవ అక్కడే ఒడ్డుకు తగులుతూ ఊగుతోంది. పడవలో ఒకే గాలం రాడ్.

ఇన్వెస్టిగేటర్ మార్వా క్విన్లన్ 8:52కి వచ్చింది. హాక్‌బిల్ సరస్సు నీళ్లు ఆ రోజు అద్దంలా ఉన్నాయి. గాలి లేదు, మబ్బు లేదు. శవం మీద దెబ్బల గుర్తులు లేవు. చన్నీళ్లకు గుండె ఆగిందని డాక్టర్ తేల్చాడు. టైమ్ 7:30 ప్రాంతం.

హోబర్ట్‌కి డెబ్బై ఒకటి. రెండేళ్లుగా మతిమరుపు జబ్బు. కూతురు రోవీనా స్కూల్ బస్సు నడుపుతుంది.

"ఎన్నింటికి బయల్దేరావు?"

"ఐదూ నలభైకి."

"బయట తాళం వేశావా?"

రోవీనా తలుపు వైపు చూసింది.

"రోజూ వేస్తాను. తొమ్మిదిదాకా పడుకునే ఉంటాడు. నేను ఎనిమిదీ ముప్పావుకల్లా వచ్చేస్తాను. ఇవాళ... వేశానో లేదో గుర్తు రావట్లేదు మేడమ్. నేను వచ్చేసరికి తలుపు తీసే ఉంది."

"లోపల్నించి తీయలేడా?"

"తీయలేడు. అంటే నేనే మర్చిపోయాను. మా నాన్నని నేనే చంపేశాను."

పక్కన కూర్చున్న పెద్దాయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. డెల్మర్ ఈగన్. హోబర్ట్‌తో నలభై ఏళ్లు ఒకే పడవలో చేపలు పట్టినవాడు. ఇల్లు అడవి దాటితే అర మైలు.

"ఊరుకోమ్మా" అన్నాడు.

షెరీఫ్ మాత్రం ఊరుకోలేదు. జబ్బు మనిషిని గాలికొదిలేసినందుకు రోవీనా మీద కేసు పెట్టాలన్నాడు. మార్వా రెండు రోజులు టైమ్ అడిగింది.

ఆమెను రాడ్ పట్టుకుని వదలడం లేదు.

దారం చివర ఎరగా అరచేతి పొడవు మెత్తటి రబ్బరు చేప. దాని మూతి దగ్గర గుండ్రటి సీసపు తల, వీపులోంచి పైకొచ్చిన కొక్కెం. దాన్ని జిగ్ హెడ్ అంటారు. ఏ రేకూ లేదు, ఏ మెరుపూ లేదు.

బుధవారం ఆమె హోబర్ట్ గదిలో గాలం సామాన్ల పెట్టె తెరిపించింది. అందులో ఇరవై దాకా రబ్బరు చేపలు. ఒక్కటీ తిన్నగా లేదు. కొక్కెం ఒకదానికి పొట్టలోంచి, ఒకదానికి పక్కలోంచి వచ్చింది. అన్నిటికీ ఒకే రకం తలలు, కింద గిరగిర తిరిగే చిన్న రేకుతో.

"ఇవే ఎందుకు?"

"అండర్‌స్పిన్‌లు. జబ్బు చేశాక నాన్నకి ఇవి తప్ప కంటికి ఆనవు. ఆ మెరుపు చూసి నవ్వుకుంటాడు. చేతులు వణుకుతాయి కదా, అందుకే ఇలా వంకర."

మధ్యాహ్నం 2:15. మార్వా వెస్లీ కొట్టుకి వెళ్లింది. గాలాలు, ఎరలు అమ్మే కొట్టు అది.

"ఏంటమ్మా మార్వా, ఇప్పుడు చేపల్ని కూడా స్టేషన్‌కి పిలుస్తున్నావా?"

"నోర్మూసుకుని ఇది చూడు."

ఎర ఫోటో చూడగానే వెస్లీ నవ్వు ఆగింది.

"ముప్పావు ఔన్సు. ఎవరు కట్టారోగానీ పని తెలిసిన చెయ్యి."

"ఎలా చెప్తావు?"

"మంగళవారం ఎండ. నీళ్లు తేట. అలాంటప్పుడు రేకు తిప్పితే చలికాలపు బాస్ చేప బెదిరి పారిపోతుంది. బోడి తలే కట్టాలి. మబ్బు పట్టి, గాలేసి, నీళ్లు కలకబారితే అప్పుడు అండర్‌స్పిన్. ఇక బరువంటావా, అది లోతుని బట్టి. ఒడ్డున నీటి గడ్డి మీదైతే పావు ఔన్సు చాలు. ముప్పావు వేశాడంటే ముప్పై అడుగుల కిందికి దించాలనే. వాళ్ల డాక్‌కి ఎదురుగా నీళ్లలో రాతి గోడ ఉందే, అక్కడ."

"హోబర్ట్ కట్టి ఉంటాడా?"

"ఒకప్పుడైతే కళ్లు మూసుకుని కట్టేవాడు. మొన్న క్రిస్మస్‌కి వచ్చి నా పేరడిగాడమ్మా. ముప్పై ఏళ్లుగా నా దగ్గరే కొంటాడు."

ఎరని మార్వా భూతద్దం కింద పెట్టి మళ్లీ చూసింది. రబ్బరు వీపు మీద, కొక్కెం పైకొచ్చిన చోటే, సన్నటి నెలవంక గీత. గోటి గుర్తు.

గురువారం ఉదయం 10:00. రోవీనా వంటగది. మూడు కప్పుల కాఫీ. డెల్మర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. మూడు రోజులుగా రోజూ వస్తున్నాడట.

మార్వా బల్ల మీద ఒక రబ్బరు చేప, నాలుగు సీసపు తలలు పెట్టింది.

"డెల్మర్ గారూ, రాతి గోడ దగ్గర, ఎండ ఉన్న రోజు. ఏది కడతారు?"

ఆయన చెయ్యి ఆలోచించలేదు. పెద్దదాన్ని తీసుకుంది. దాన్ని రబ్బరు చేప పక్కన ఆనించి కొలిచాడు. కొక్కెం ఎక్కడ పైకి రావాలో అక్కడ బొటనవేలి గోటితో నొక్కాడు. మూతిలోంచి గుచ్చి సరిగ్గా ఆ గుర్తులోంచి తీశాడు.

మార్వా తన సంచిలోంచి మంగళవారం నాటి ఎరని తీసి పక్కన పెట్టింది.

రెండు ఎరలు. రెండు గోటి గీతలు. ఒకే చోట.

"ఎర తప్పుగా కట్టి ఉంటే అందరం అనుమానించేవాళ్లం. ఇది సరిగ్గా కట్టి ఉంది. అదే ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఇంటి తాళంచెవి మీ దగ్గర ఉంది కదూ?"

"అవసరానికని నేనే ఇచ్చాను" అంది రోవీనా. తర్వాత ఆమెకు అర్థమైంది. "పెదనాన్నా?"

డెల్మర్ ఎరని చేతిలోంచి వదల్లేదు.

"నువ్వు తాళం వేశావమ్మా. నేనే తీశాను. ఆరూ నలభైకి."

"ఈ చలికాలం నాన్నని చేపలకు తీసుకెళ్లొద్దన్నాను కదా!"

"ఇంకో చలికాలానికి వాడు మిగలడనిపించింది. వాడికి రేకున్నదే కావాలన్నాడు. ఇవాళ అది పని చెయ్యదురా అని ఇది కట్టిచ్చాను. మూడు పౌన్ల చేపని పట్టాడు. ముద్దుపెట్టి వదిలాడు. అది ఎటు పోయిందో చూద్దామని వంగి..."

డెల్మర్ ఎరని బల్ల మీద పెట్టాడు.

"నీళ్లలోంచి పైకి లాగలేకపోయాను. డెబ్బై మూడేళ్ల ఒళ్లు. ఫోన్ ఇంట్లోనే మర్చిపోయాను. ఒక చేత్తో కాలర్ పట్టుకుని, కాలితో పడవ చిన్న మోటారు పెడల్ నొక్కుకుంటూ ఒడ్డుకు తెచ్చాను. వచ్చేసరికి అయిపోయింది. నీకు ఏం చెప్పాలో తెలీలేదు. అడవిలోంచి ఇంటికి పోయాను."

"మూడు రోజులు" అంది రోవీనా. గొంతు పైకి లేవలేదు. "నేనే చంపాననుకుంటుంటే నా పక్కన కూర్చుని కాఫీ తాగావు."

డెల్మర్ తన కప్పుని దూరంగా జరిపాడు.

"చివర్లో హోబర్ట్ ఏమన్నా అన్నారా?" మార్వా అడిగింది. రిపోర్టుకి అది అక్కర్లేదు.

"నన్ను గుర్తుపట్టలేదు మేడమ్. 'అబ్బాయ్, నీ వల్ల కాదుగానీ డెల్మర్‌ని పిలు. వాడైతే లాగేస్తాడు' అన్నాడు."

కేసు రోవీనా మీద ఉండదు. శవాన్ని వదిలి వెళ్లినందుకు డెల్మర్ మీద ఏం పెట్టాలో ప్రాసిక్యూటర్ చూసుకుంటాడు. మార్వా ఆయన్ను కారు దాకా నడిపించింది. సంకెళ్లు వెయ్యలేదు. వెనక తలుపు తీసింది.

10:47కి రోవీనా మెట్ల మీదికి వచ్చింది. కోటు లేదు. దగ్గరికి రాలేదు.

"నాన్న డెల్మర్‌ని పిలవమన్నప్పుడు ఏం చెప్పావు?"

ముసలాయన కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"వస్తున్నాడని చెప్పాను."