లాంజో టాకెట్ తెరిచిన చాకు

ఆర్విల్ కేగిల్‌కి బ్లెవిన్స్ చాకుల పిచ్చి. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు తోలి ఇంటిపట్టున కూర్చున్నాక, తోటివాళ్లంతా గాలాలు కొనుక్కుని చేపల వెంట పడితే, ఈయనగారు భూతద్దం కొనుక్కున్నాడు. టెన్నెసీ కొండల్లో ఎక్కడ పాత సామాన్ల సంత జరిగినా, ఏ ముసలాయన పోయి ఇంట్లో వస్తువులు వేలానికొచ్చినా, మోకాళ్ల మీద కూర్చుని డొక్కు పెట్టెలు తిరగేస్తూ కనబడేవాడు.

బ్లెవిన్స్ కార్ఖానా మూతపడి డెబ్బై ఏళ్లు దాటింది. వాగు ఒడ్డున, నీటిచక్రంతో సానరాళ్లు తిప్పి, ఇరవై మంది చేత్తో చేసిన చాకులవి. మడిచి జేబులో వేసుకునేవి. కోసే అలుగు మొదట్లో గోరంత తేనెటీగ ముద్ర ఉంటుంది. మొత్తం పదకొండు రకాలు చేశారని చెప్పుకుంటారు. పది రకాలు ఆర్విల్ దగ్గరున్నాయి. జింక కొమ్ము పిడి ఉన్న పదకొండోదాన్ని చూశానన్న మనిషి ఇంతవరకూ దొరకలేదు. మఖమలు పరిచిన పెట్టెలో దాని గాడి ఒకటి పన్నెండేళ్లుగా ఖాళీగా ఉంది.

“నా కోసం ఇందులో సగం తిరిగుంటే మా నాన్న ఏడాది ముందే పెళ్లికి ఒప్పుకునేవాడు,” అనేది భార్య డెస్సీ.

“నువ్వు తుప్పు పట్టవు కదా, తొందరేముందనుకున్నాను,” అనేవాడు ఆర్విల్.

అక్టోబరు నెలలో ఓర్ఫా టాకెట్ ఫోన్ చేసింది. కొండ లోయలో ఒంటరిగా ఉండే తొంభై ఒక్కేళ్ల మనిషి. మేనల్లుడు ఆమెను పట్నంలో వృద్ధుల ఆశ్రమానికి తీసుకుపోతున్నాడట. “తేనెటీగ చాకు ఒకటుంది నాయనా. కొమ్ము పిడిది. వచ్చి చూసుకో,” అంది. ఆర్విల్ ఫోన్ పెట్టేసి, టోపీ పెట్టుకున్నాడో లేదో కూడా చూసుకోకుండా బండెక్కాడు.

వంటింట్లో బల్ల మీద ఉంది చాకు. పూర్తిగా తెరిచి ఉంది. అలుగు మీద మచ్చ లేదు. పక్కనే సాసరులో ఆపిల్, సగం వరకు తొక్క తీసి, తొక్క తీగలా వేలాడుతూ. ఇప్పుడే చెక్కి పెట్టినట్టు తెల్లగా ఉంది. ఇల్లంతా ఏదో వాసన... తడిసిన సానరాయి వాసనలా. కార్ఖానా పనివాళ్ల ఇల్లు కదా, గోడలకి పట్టేసి ఉంటుందనుకున్నాడు.

“మా నాన్న లాంజో బ్లెవిన్స్ కార్ఖానాలోనే సాన పట్టేవాడు,” అంది ఓర్ఫా. “నాకప్పుడు ఏడేళ్లు. ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చుని నాకు ఆపిల్ చెక్కుతున్నాడు. సాయంత్రం నాలుగయింది. రోడ్డు మీంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. ‘ఇప్పుడే వస్తా, చాకు మూయకు చిట్టీ’ అని లేచాడు. అంతే. మళ్లీ రాలేదు.”

ఆర్విల్ చాకు వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“మా అమ్మ దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తరవాత నేనూ అంతే. శనివారం శనివారం నూనె రాస్తాను. తెరిచినవాడు మూయడానికి రావాలి కదా.”

ఆ మాట ఆ కొండల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మంగలి కొట్టు దగ్గర ఒకడు చాకు తెరిచి చేతికిస్తే, రెండోవాడు పని చేసుకుని తెరిచే తిరిగిస్తాడు. ఒకరు తెరిచిన చాకు మరొకరు మూస్తే తెరిచినవాడి కీడు మూసినవాడికి చుట్టుకుంటుంది. ఆర్విల్‌కి తాత నేర్పిన మొదటి పాఠమే అది.

“ఆశ్రమంలో వాళ్లు తెరిచిన చాకు ఉంచుకోనివ్వరట. నీకు ముందు నలుగురొచ్చారు. వాళ్లు కొని అమ్ముకునే రకం, చూపించకుండానే పంపేశాను. నీకు చాకులంటే నిజంగా ఇష్టమే కదా?”

“ప్రాణం పెద్దమ్మా.”

“అలాగయితే తీసుకో. మూయనని మాటివ్వు. ఆయనొస్తే తనంతట తనే మూసుకోవాలి.” పొడిబారిన చెయ్యి చాపింది. ఆర్విల్ ఆ చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. అప్పటికి మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. వచ్చేటప్పుడు పెరట్లో కాసిన ఆపిల్స్ ఒక సంచీడు కూడా ఇచ్చింది ఓర్ఫా.

ఇల్లు చేరేసరికి నాలుగు కావస్తోంది. కొండ మీంచి మంచు దిగి రోడ్డుని మింగేసింది. డెస్సీ వంటింట్లో పిండి పిసుకుతోంది. “ఆపిల్స్ తెచ్చావా? మంచిది. నాలుగు చెక్కిపెట్టు, తియ్యరొట్టెలో వేస్తాను,” అని కేకేసింది.

ఆర్విల్ ముందుగదిలో మఖమలు పెట్టె తెరిచి కూర్చున్నాడు. పదకొండో గాడి ఎదురుగా ఉంది. తెరిచిన చాకు అందులో పట్టదు. అది సరే, పెట్టెలో పెట్టకపోయినా కొంపలేం మునగవు. కానీ చాకులు సేకరించేవాడికి ఇంకో బలహీనత ఉంది. పాత చాకు చేతికొస్తే దాన్ని ఒక్కసారి మూసి తెరిచి చెవి దగ్గర వినాలి. లోపలి స్ప్రింగు చెప్పే మాట అది. మంచి చాకు ‘టప్’మంటుంది. అరిగిపోయింది గొణుగుతుంది. ఆ మాట వినకపోతే అది సగం చాకే అంటారు సేకరించేవాళ్లు. పన్నెండేళ్లు వెతికిన చాకు గొంతు ఎలా ఉంటుందో తెలియకుండా చచ్చిపోవాలా?

తలుపు వైపు చూశాడు. డెస్సీ రావడం లేదు.

మూశాడు.

టప్.

అలాంటి మాట ఇంకే చాకూ చెప్పలేదు. లోతుగా, గదంతా నిండేలా పలికింది. ఆర్విల్ మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. ఆ తరవాత... వాసన. తడిసిన సానరాయి వాసన. తన ఇంట్లో.

గబగబా గోరు ఆనించి మళ్లీ తెరిచాడు. తెరుచుకుంది. ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు బల్ల మీద పెట్టాడు. ఎవరు చూశారు గనక?

ఫోన్ మోగింది.

“ఇల్లు చేరావా నాయనా?” ఓర్ఫా గొంతు. “చాకు తెరిచే ఉందా?”

“తెరిచే ఉంది పెద్దమ్మా.”

“మా నాన్న తెరిచినట్టే?”

ఆర్విల్ బల్ల మీది చాకు వంక చూశాడు. “...ఆఁ.”

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. “ప్రభువు నీకు తోడుండుగాక,” అని పెట్టేసింది.

“ఆపిల్స్ ఏమయ్యాయయ్యా?” డెస్సీ అరిచింది.

ఆ వాసన మరిచిపోవాలంటే చేతికేదైనా పని కావాలి. చాకూ ఆపిల్స్ తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒకటి చెక్కడం మొదలుపెట్టాడు. తొక్క తెగకుండా తీగలా దిగుతోంది. సగానికి వచ్చింది.

“ఆర్విల్...”

రోడ్డు మీంచి. తెలిసిన గొంతే, ఎవరిదో మాత్రం గుర్తు రాలేదు. చాలాసేపటి నుంచి పిలిచి అలసిపోయినట్టుంది.

ఆర్విల్ కదల్లేదు.

“ఎవరో పిలుస్తున్నారు,” అంది డెస్సీ.

“నాకేం వినబళ్లేదు.”

“ఆర్విల్... కాస్త సాయం పట్టు...”

అప్పుడు ఒక్కటే తోచింది. లాంజో తెరిచింది తను మూశాడు, ఆ కీడు తన నెత్తికెక్కింది. కానీ ఇప్పుడు తెరిచింది తనే. తనే మూసేస్తే లెక్క సరిపోతుంది, వదిలిపోతుంది. అలుగు వెనక బొటనవేలు పెట్టి నొక్కాడు. కదల్లేదు. రెండు చేతులా నొక్కాడు. ఇందాక వెన్నలా మడత పడిన చాకు ఇనపకడ్డీలా బిగుసుకుపోయింది.

“ఎవరి బండో గుంటలో దిగినట్టుంది,” అంది డెస్సీ, చేతులకున్న పిండి దులుపుకుంటూ. “చెవిటి మేళంలా కూర్చున్నావేం? సాయమడిగితే పలకని కొంప ఈ లోయలో ఉందా?”

“వెళ్లకు.”

“నువ్వు వెళ్లవు, నన్ను వెళ్లనివ్వవు. నీ చాకులు నువ్వు చూసుకో, నేను పోతాను.” కోటు తీసుకుంది. ఒక చెయ్యి తొడిగేసింది కూడా.

“సాయం...” గొంతు ఇప్పుడు గేటు దగ్గర్నుంచి వచ్చింది.

ఆర్విల్ లేచాడు. నలభై నాలుగేళ్ల కాపురంలో డెస్సీతో ప్రేమ మాటలు చెప్పిన మనిషి కాదు. అప్పుడూ చెప్పలేదు. ఆమె భుజం మీంచి కోటు తీసి కొక్కేనికి తగిలించాడు. చాకుని సగం చెక్కిన ఆపిల్ పక్కన పెట్టాడు.

“నేనే వెళతా. డెస్సీ, ఆ చాకు మూయకు. ఎవరినీ మూయనివ్వకు.”

“ఏమయింది నీకు?”

“మూయకు. అంతే.”

తలుపు తీస్తే మంచు గుమ్మం దాకా ఉంది. మూడు మెట్లు దిగాడు. నాలుగో అడుగు చప్పుడు వినిపించలేదు.

డెస్సీ పది నిమిషాలు చూసింది. టార్చి తీసుకుని గేటు దాకా వెళ్లింది. రోడ్డు మీద బండీ లేదు, మనిషీ లేడు. పేరు పెట్టి పిలిచింది, గొంతు పోయేదాకా పిలిచింది. చీకటి పడుతుంటే పోలీసు షెరీఫుకి చెబుదామని ఇంట్లోకొచ్చింది. ఫోన్ అప్పటికే మోగుతోంది.

“డెస్సీ! నేను, ఓర్ఫాని.” ముసలిగొంతు ఏడేళ్ల పిల్ల గొంతులా గంతులేస్తోంది. “మా నాన్నొచ్చాడు! బూట్లనిండా మంచు. ఎదురుగా కూర్చున్నాడు. వెళ్లిన రోజు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు!”

వెనకాల ఎవరో ఆపిల్ కొరికిన చప్పుడు.

“మా ఆయనేడీ?” అంది డెస్సీ.

గొంతు తగ్గించి ఓర్ఫా అంది, “నన్ను తిట్టుకో అమ్మా, ఊరుకుంటాను. చాకులంటే ప్రాణమిచ్చేవాడు దాని మాట వినకుండా ఉండలేడని నాన్న చెప్పేవాడు. అలాంటివాడి కోసం ఎనభై నాలుగేళ్లు చూశాను. శనివారాలు నూనె రాయడం మరిచిపోకు.”

మర్నాడు మేనల్లుడు వెళ్లేసరికి ఓర్ఫా కుర్చీలోనే ప్రాణం పోయి ఉంది. ఎదురు కుర్చీ కింద నేల తడిగా ఉంది. సాసరులో ఆపిల్ కాడ ఒక్కటే మిగిలింది.

ఆర్విల్ జాడ తెలియలేదు. ఏడాదయింది. చాకు డెస్సీ వంటింటి బల్ల మీద తెరిచే ఉంది. పక్కన ఆర్విల్ సగం చెక్కిన ఆపిల్, తొక్క వేలాడుతూ, ఇప్పటికీ మచ్చ పడకుండా తెల్లగా ఉంది. డెస్సీ ఆ ఆపిల్ వంక చూడకుండా చాకుకి నూనె రాస్తుంది.

పదకొండోది దొరికిందని ఎలాగో తెలిసి, పక్క రాష్ట్రం కెంటకీ నుంచి ఒకాయన నెలనెలా ఫోన్ చేస్తున్నాడు. మర్యాదస్తుడు. మొన్నీ మధ్యే మనవరాలు పుట్టిందట. అమ్మనని ప్రతిసారీ చెప్పేది డెస్సీ. పోయిన శనివారం మాత్రం ఆ మాట అనలేదు. సాయంత్రం నాలుగయింది, బయట మంచు దిగుతోంది.

“బాబూ, మీకు చాకులంటే నిజంగా ఇష్టమేనా?” అని అడిగింది.