టికెట్ గదిలో గొంతు

మూతబడిన ఆ సినిమా హాలు పేరెత్తితే పట్టపగలే జనం గొంతు తగ్గించేవాళ్ళు. రాత్రిపూట టికెట్లిచ్చే గదిలోంచి ఎవరో దగ్గుతారట... అక్కడ కాపలా కాసినవాళ్ళలో ముగ్గురు మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. దెయ్యం ఎత్తుకుపోయిందని చెప్పింది దళం వాళ్ళే.

ఆ దళం ఎక్కణ్ణించో ఊడిపడలేదు. పోలీసులు స్టేషను వదిలి పోయిన ఏడాది, దొంగల భయానికి వీధివాళ్ళే కుర్రాళ్ళ చేతికి కర్రలిచ్చి, కూర్చోబెట్టి అన్నం పెట్టారు. కర్రలు పోయి తుపాకులొచ్చాయి. ఇప్పుడు కొట్టు తెరవాలన్నా, పెళ్ళి చెయ్యాలన్నా వాళ్ళ నాయకుణ్ణి అడగాల్సిందే. ఆయన్ని అందరూ పెద్దన్న అంటారు. హాల్లో దాచిన దళం సరుకుకి ఇంటికొక మగాడు వంతులవారీగా కాపలా కాయాలన్నదీ ఆయన హుకుమే.

ఆ రాత్రి వంతు టైలర్‌ది.

"ఒంట్లో బాగోలేదని చెప్పకూడదూ?" అంది భార్య.

"అలా చెప్పినవాడి కొట్టు తగలబడిందిగా. చూశావు కదే!"

పెద్దన్నే స్వయంగా అతన్ని హాల్లోకి పంపి బయట గేటుకి తాళం వేశాడు. "తెల్లారి తీస్తాను తమ్ముడూ. చెవులు తెరుచుకుని ఉండు."

లోపల ఒకటే బల్బు. సీట్లు పీకేసిన చోట బస్తాలు, పెట్టెలు. టైలర్ గోడకి చేరగిలబడ్డాడు. కాస్త కునుకు పడుతోంది అనగా—

దగ్గు.

టికెట్ గదిలోంచే... పొడి దగ్గు, చివర్లో ఈల వేసినట్టు.

ఒక్క ఉదుటున గేటు దగ్గరికి పరిగెత్తి ఊపాడు. అది కదిలితేగా!

"అరవకు బావా... వాళ్ళు బయటే ఉన్నారు."

ఆ గొంతు టైలర్‌కి తెలుసు. పదిహేనేళ్ళుగా పక్క కొట్లో సెలూన్ నడిపినవాడిది. ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళు. కిందటి నెల కాపలాకొచ్చి మాయమైన మూడోవాడు అతనే.

"నువ్వా! బతికే ఉన్నావా? ఉండు, తలుపు పగలగొడతా—"

"దాని జోలికి రాకు. చెప్పేది విను. ఆ రాత్రి తెర వెనక ఎవర్నో కొడుతుంటే... ఆ ఏడుపు విన్నాను. పొద్దున పెద్దన్న అడిగితే విన్నానని చెప్పాను. నిన్నూ అడుగుతాడు. వినలేదను... ఏమీ వినలేదను."

"నిన్నేం చేశారు?"

లోపల మళ్ళీ ఆ పొడి దగ్గు.

"మా ఆవిణ్ణి... ఎదురుచూడొద్దని చెప్పు."

అంతే. టైలర్ ఎన్నిసార్లు పిలిచినా మళ్ళీ ఆ గొంతు పలకలేదు.

తెల్లారి గేటు తీస్తూనే పెద్దన్న అడిగాడు. "ఏమన్నా వినబడిందా?"

"లేదన్నా... ఎలకల చప్పుడు కూడా లేదు."

పెద్దన్న అతని కళ్ళలోకి చూశాడు... చూస్తూనే ఉన్నాడు. తర్వాత భుజం తట్టాడు. "అయితే రా, ఓ చెయ్యి వెయ్యి. ఈ బస్తాలు అందులో పెట్టాలి."

టికెట్ గది తలుపు తెరుచుకుంది.

లోపల మనిషి లేడు. ఇంకో తలుపూ లేదు. కిటికీకి అడ్డంగా ఇటుకలు పేర్చేసి ఉన్నాయి. నేలమీద మాత్రం పక్కపక్కనే మూడు చోట్ల సిమెంటు పోసి ఉంది. రెండు పాతబడ్డాయి. మూడోది ఇంకా కొత్తగా ఉంది. జీవితమంతా మనుషుల కొలతలు తీసినవాడికి ఆ పొడవులు చూడగానే తెలిసిపోయింది.

గోడ పక్కన నాలుగోదానికి సరిపడా చోటుంది.

"ఏంటి, నిలబడిపోయావ్?"

"ఏం లేదన్నా... ఎక్కడ దించమంటావ్?"

"వాటిమీదే."

దించాడు. ఒక్కో బస్తా, చప్పుడు కాకుండా.

పెద్దన్న నవ్వుతూ తలుపు మూశాడు. "నీలాంటివాడి కోసమే చూస్తున్నా తమ్ముడూ. ఇకనుంచి ప్రతి రాత్రీ ఇక్కడ నువ్వే. వెళ్ళి పడుకో... చీకటి పడకముందే వచ్చెయ్."