చుట్టాలు ఉన్నన్ని రోజులు

అమీర్‌పేటలోని ఇంటి గడప దాటగానే మంజుశ్రీకి ఫినాయిల్ వాసన గుప్పుమని కొట్టింది. భర్త భానుచందర్ పంజగుట్ట ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంటే, ఇక్కడ అత్తగారు కాంతవ్వ అతని పరుపును వాకిట్లోకి ఈడ్పించి గది కడిగిస్తోంది!

"జర దూరం నిలబడు పిల్లా... ఆడి బట్టలు పట్టినవ్ గద!"

మంజుశ్రీకి ఏడుపు రాలేదు. ఏవగింపు వచ్చింది.

"హెచ్ఐవీ గిట్ల అంటుకోదని ఎన్నిసార్లు చెప్పాలె అత్తమ్మా? టీబీ మెదడు పొరలకు పాకి వాపొచ్చిందట. హెచ్ఐవీ ఉన్నోళ్లకు ఆ వాపు తగ్గించే మందు పనిచేస్తదో లేదో పరీక్ష చేస్తున్నరు. కొందరికి మందు, కొందరికి ఉత్త ఉప్పునీళ్ల సూది. ఎవరికేదో డాక్టరుకు సుత తెల్వదు. టీబీ గోలీలు మాత్రం అందరికీ ఇస్తరు. నన్ను సంతకం అడుగుతున్నరు."

"నా కొడుకు మీద ప్రయోగాలా? ఆడేమన్న ఎలుకనా?" కాంతవ్వ గుండెలు బాదుకుంది.

"ఎలుకకన్న హీనంగ చూసిందెవరు? రోజు వేసుకునే హెచ్ఐవీ గోలీలు ఎందుకు బంద్ చేసిండని డాక్టరమ్మ అడిగింది. డబ్బా దుకాణంల పెట్టుకుని ఆడనే వేసుకుంటున్నడని నేననుకున్న... నీకు ఎరుకేనా?"

గుమ్మంలో నిలబడిన మరిది తారక్ తల వంచుకున్నాడు.

"నా ఎంగేజ్‌మెంట్‌కు చుట్టాలొచ్చిండ్రు గద వదినా... గోలీల డబ్బా చూస్తే పిల్ల తరఫోళ్లు పోతరని, ఆళ్లున్నన్ని రోజులు ఆపుమన్నది అమ్మ. అన్న మళ్ల మొదలువెట్టనే లేదు..."

"ఛీ!" అంది మంజుశ్రీ.

ఆసుపత్రికి వెళ్లి మంజుశ్రీ డాక్టర్ అరుణాదేవి చేతులు పట్టుకుంది. "మా ఆయనకు అసలు మందే పడేటట్టు చూడరాదు మేడం?"

"అది నా చేతిలో లేదమ్మా. ఆ మందు మేలు చేస్తుందో లేదో మాకే ఇంకా తెలియదు. వద్దంటే చెప్పు, వైద్యం ఆగదు."

తెలియనిది తెలియదని చెప్పే మనిషి! ఎన్నాళ్లకు విన్నది ఇలాంటి మాట! మంజుశ్రీ సంతకం చేసింది.

కొన్ని వారాలకు భానుచందర్ కళ్లు తెరిచాడు. మాట మాత్రం తడబడుతోంది. స్పృహ వచ్చింది కనుక ఇక పరీక్షలో కొనసాగాలో వద్దో అతనే చెప్పాలంది డాక్టరు.

"అమ్మ... ఏమంటది?" అన్నాడు.

మంజుశ్రీ మంచం దగ్గరికి జరిగింది. "అమ్మ మాట వినే ఇక్కడిదాంక వచ్చినవ్! నీ పానం నీది. నువ్వే చెప్పు."

వార్డు తలుపు దగ్గర నిలబడిన కాంతవ్వను అతను చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పరీక్షల ఉంట డాక్టరమ్మా... గోలీలు సుత ఇంట్లనే వేసుకుంట. ఎవలన్న చూడనీ."

కాంతవ్వ అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "నేనే చేసిన బిడ్డా... నా చేతులార చేసిన!"

మంజుశ్రీ లేచి ఆమెను లోపలికి తీసుకువచ్చి కొడుకు పక్కన కూర్చోబెట్టింది. కన్నీళ్లు మాత్రం తుడవలేదు... అంత మనసు ఇంకా రాలేదు!