ఎర్ర సీలు పెట్టెలు

జనగామ బస్టాండు వెనుక సందులో మహేశ్ శవం దొరికిన సాయంత్రమే ఏజెంట్ ఐలేశ్‌కు పిలుపు వచ్చింది.

చీఫ్ వెంకట్రాం స్క్రీన్ మీద ఒక లోగో చూపించాడు.

"మెడోరా హెల్త్‌కేర్. నలభై దేశాలల్ల ఆఫీసులు. జ్వరానికి గోలీ వీళ్లదే, జ్వరం చూసే మిషన్ వీళ్లదే, దవాఖాన బిల్లు కట్టే ఇన్సూరెన్స్ గూడ వీళ్లదే. హెడ్డాఫీసుకు తెల్వకుండ అండ్ల ఒక విదేశీ ముఠా జొరబడ్డది. మన మహేశ్ వాళ్ల ల్యాబ్‌ల చేరి గుట్టు పట్టిండు. పోయిండు."

"ఎట్ల పోయిండు సార్?"

"గుండెపోటని అందరికి చెప్పినం. కని చెవి వెనుక సూది గుచ్చిన గుర్తున్నది. గా సంగతి నాకు, డాక్టరుకు, ఇప్పుడు నీకు తెలుసు. ఇంకెవ్వలికి తెల్వది."

మర్నాడు కేసముద్రం మార్కెట్ యార్డులో మెడోరా ఉచిత వైద్య శిబిరం. ఫ్లూ టీకా పేరుతో, ఏ దేశమూ అనుమతివ్వని మందును ముఠా రైతులకు ఎక్కించబోతోంది. ఎవరికి ఏమవుతుందో చూసి ఆ డేటాను అమ్ముకుంటుంది. ల్యాబ్‌లో ఆ మందు పడిన జంతువుల్లో సగం చచ్చాయి.

"సరుకుతోటి పట్టాలె. లోపల శ్రేయ ఉన్నది, సాయం జేస్తది."

ఐలేశ్‌కు సగం బరువు దిగింది. శ్రేయ మెడోరా ప్రాంతీయ డైరెక్టర్. ఆమె నడిచి వెళ్తే యార్డులో బేరాలు ఆగిపోతాయి. రెండేళ్లుగా కంపెనీ రహస్యాలు అతనికి అందిస్తున్న డబుల్ ఏజెంట్. అతను డెంగీతో పడి ఉంటే మంచం పక్కన కూర్చుని కొబ్బరినీళ్లు తాగించింది. చిట్యాలలోని తల్లికి కూడా చెప్పని మాటలు అతను ఆమెకు చెప్పుకున్నాడు.

తెల్లారి ఐలేశ్ హమాలీ వేషంలో యార్డులో దిగాడు. తలకు తువ్వాల, భుజాన మిర్చి బస్తా, చెవిలో గింజంత రేడియో. శ్రేయ నల్లకళ్లద్దాలు సర్దుకుంటూ దగ్గరికొచ్చింది.

"పత్తి రేటు ఎట్లుంది?"

"తడిసిన పత్తికి రేటేంది మేడం?"

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "నీలం సీలు పెట్టెల్లో ఉంది విషం. ఎర్ర సీలువి మంచి టీకాలు. నీలంవి పట్టుకుపో, శిబిరం నడవనీ."

ఐలేశ్ రేడియోలో చెప్పాడు. యార్డు బయట కాచుకున్న మనవాళ్లు వచ్చి నీలం పెట్టెలు లారీకెక్కించారు. పనైపోయిందని ఊపిరి పీల్చుకున్నాడు.

"మహేశ్ ఉంటే మస్తు ఖుషీ అయితుండె."

"పాపం," అంది శ్రేయ. "చెవి వెనుక కదా, నొప్పి కూడా తెలిసి ఉండదు."

ఐలేశ్ భుజం మీది బస్తా జారి నేలన పడింది. అతని చూపు చూసి ఆమెకు తన మాట అర్థమైంది. కారు వైపు పరుగెత్తింది. అతను మాత్రం శిబిరం వైపు పరుగెత్తాడు. ఆమె చెప్పిందంతా తిరగేస్తే, విషం ఎర్ర పెట్టెల్లో ఉంది.

వరుసలో మొదట చిలుకమ్మ అనే ముసలవ్వ. రవిక చెయ్యి పైకి మడిచి ఉంది. సూది మొన చర్మాన్ని తాకుతుండగా ఐలేశ్ నర్సు మణికట్టు పట్టేశాడు.

"ఏందిర బిడ్డా గిది?" చిలుకమ్మ కోప్పడింది. "పొద్దుగాల్నుంచి లైన్ల నిలబడ్డ. నా వంతు రాంగనే ఆపుతవా?"

"నీ కాల్మొక్త అవ్వా, గీ సూది వద్దు."

శ్రేయ కారు రైల్వే గేటు దగ్గర చిక్కింది. గూడ్సు బండి పోతోంది, వెనుక మనవాళ్ల జీపు. ఐలేశ్ వెళ్లేసరికి ఆమె చేతులకు బేడీలు పడ్డాయి. ఆమె ఫోన్‌లో ముఠా పేర్లన్నీ దొరికాయి.

అతను అడగాల్సినవి చాలా ఉన్నాయి. నోటికి ఒక్కటే వచ్చింది.

"నాకు డెంగీ వచ్చినప్పుడు కూసున్నవ్ గదా. గదన్న నిజమేనా?"

శ్రేయ గేటు వైపు చూసింది. "జ్వరంలో నువ్వు చాలా మాట్లాడావు ఐలేశ్. మహేశ్ మీ మనిషని నాకు అప్పుడే తెలిసింది."

గూడ్సు బండి పోయింది. గేటు లేచింది.

ఫోన్ మోగింది. వెంకట్రాం. "శభాష్! మెడోరా హెడ్డాఫీసు నుంచి థాంక్స్ వచ్చింది. మనందరికీ ఫ్రీగ ఫుల్ బాడీ చెకప్ చేపిస్తరట."

"చేపిచ్చుకుంట సార్," అన్నాడు ఐలేశ్. "గుండె పరీక్ష ఒక్కటి వద్దని చెప్పుండ్రి."