మేడ మీది ఫ్యూజ్

మేడ మీది వాటా ఫ్యూజ్ మాయమైంది. దాంతో పాటు ఒక ప్రాణం కూడా పోయేలా ఉంది.

మధ్యాహ్నం ఆ వాటాలో ఉండే నర్సు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఆక్సిజన్ మెషిన్ ఆగిపోయి ఉంది. మంచం మీద ఆమె తండ్రి ఊపిరందక గిలగిల్లాడుతున్నాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. బతుకుతాడని డాక్టర్లు ఇంకా చెప్పలేదు.

ఎస్సై మేడమ్ మెట్ల కింది మీటర్ బోర్డు చూసింది. రెండు మీటర్లు. ఒకటి ఇల్లుగలాయనది, ఒకటి మేడ మీద అద్దెకుండే నర్సుది. నర్సు ఫ్యూజ్ ఉండాల్సిన చోటు ఖాళీ.

ఆ సమయంలో పేషెంటు కాక గేటు లోపల ఉన్నది ఇద్దరే: ఇల్లుగలాయన, ఇస్త్రీ అతను. ఎస్సైకి ఇద్దరి మీదా నమ్మకం లేదు.

"నువ్వెక్కడున్నావ్?"

"వరండాలో ఇస్త్రీ చేస్తున్నానమ్మా," అన్నాడు ఇస్త్రీ అతను. "మధ్యలో కరెంటు పోయింది. ఊరికే కూర్చున్నా."

"వరండా ప్లగ్గు ఎవరి లైను?"

"మాస్టారిదే."

ఇల్లుగలాయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఆయన మండిపడ్డాడు. "కోతలు కోస్తున్నాడమ్మా. మా ఇంట్లో కరెంటు పోనే లేదు. నేను భోంచేసి పడుకున్నా."

ఎస్సై తిన్నగా ఆయన వంటింట్లోకి నడిచింది. ఫ్రిజ్ కింద నీళ్లు. తలుపు తీస్తే లోపల లైటు వెలగలేదు.

"కరెంటు పోలేదన్నారు. మరి ఐసెందుకు కరిగింది మాస్టారూ?"

మాస్టారు గబుక్కున ఫ్రిజ్ స్విచ్చు వేశాడు.

"స్విచ్చులన్నీ మీరే ఆపారు. ఇస్త్రీపెట్టె అందుకే ఆగింది. కంగారులో ఫ్రిజ్ మళ్లీ వెయ్యడం మర్చిపోయారు. ఎందుకాపారు?"

మాస్టారు జేబులోంచి ఫ్యూజ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"బిల్లు చూసి కళ్లు తిరిగాయమ్మా. పైవాళ్లు నా లైనుకి వైరు తగిలించారనుకున్నా. అన్నీ ఆపినా, ఇంకా కరెంటు వాడుతున్నట్టు నా మీటర్లో లైటు మిణుకుమంటూనే ఉంది. వాళ్ల ఫ్యూజ్ పీకితే ఆగుతుందేమోనని..."

"ఆగిందా?"

"లేదు. ఇంతలో అమ్మాయి గేటు తీసిన చప్పుడైంది. భయపడి దాచేశా. మెషిన్ సంగతి గుర్తే రాలేదమ్మా."

"ఎలా ఆగుతుంది? అదిగో, మీ ఇన్వర్టర్ ఛార్జ్ అవుతూనే ఉంది. అదొక్కటీ ఆపలేదు మీరు."

"మరి ఈ బిల్లు?" మాస్టారు కాగితం చాపాడు.

"మీ యూనిట్లు పెరగలేదు, రేటు పెరిగింది. ఊరి బయట ఏఐ కంప్యూటర్ల బిల్డింగులు లేచాయి కదా. అవి పగలూ రాత్రీ కరెంటు తాగుతాయి. వాటికోసం కొత్త లైన్లు వేశారు, ఖరీదైన కరెంటు కొన్నారు. ఆ భారం అందరి నెత్తినా పడింది. మా ఇంటి మీద కూడా."

తండ్రి బట్టల కోసం వచ్చిన నర్సు గుమ్మంలో నిలబడి అంతా వింది. చేతిలో ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి. తండ్రి గండం గడిచిందట.

ఆమె కళ్లు తుడుచుకుంది. మాస్టారు చేతులు జోడించాడు.

"నా బిల్లూ పెరిగింది, బాబాయ్‌గారూ," అందామె. "మీరే నా లైనుకి వైరు తగిలించారని నేనూ అనుమానించాను. కానీ ఈ ఆదివారం కిందికి దిగి, మిమ్మల్నే అడుగుదామనుకున్నాను."