గీత కూడా పడని ఫోన్

లంచ్ బెల్ కొట్టారు. నిదానం అని అందరూ పిలిచే అమ్మాయి బ్యాగులో చెయ్యి పెట్టి బాక్సు కోసం వెతుక్కుంటోంది. ముందు పెద్ద అరలో వెతికింది. తర్వాత చిన్న అరలో. తర్వాత వంగి బెంచి కింద చూసింది.

పక్కనే కూర్చున్న వసపిట్ట తన బాక్సు మూత తీసి, ఏమీ ఎరగనట్టు తినడం మొదలుపెట్టింది. నిదానం బాక్సు వసపిట్ట బ్యాగులోనే ఉంది.

ఈ పేర్లు రెండూ క్లాసు పెట్టినవే. ఒకమ్మాయి నోరు మూతపడదు కాబట్టి వసపిట్ట. రెండో అమ్మాయి షూ లేసు కట్టుకునేలోపు మిగతావాళ్ళు ఒక ఆట ఆడేసి వస్తారు కాబట్టి నిదానం. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకటే బెంచి.

"బాక్సు ఇంట్లోనే మర్చిపోయినట్టున్నాను," అంది నిదానం.

"నాది సగం తిను" అని వసపిట్ట అనలేదు. ఏం చేస్తుందో చూస్తూ కూర్చుంది.

నిదానం వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది. "పర్లేదులే. పొద్దున బాగానే తిన్నాను," అంది.

ఈ పరీక్ష కూడా పాసే, అనుకుంది వసపిట్ట.

ఈ పరీక్షల గొడవ ఆదివారం మొదలైంది. వసపిట్ట వాళ్ళమ్మ ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కొత్త రకం ఫోన్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే ముందు, అది ఎంత గట్టిదో ఒక గదిలో పరీక్షిస్తారు. అమ్మ పని ఆ గదిలోనే. ఉద్యోగుల పిల్లలకు ఫ్యాక్టరీ చూపించే రోజున వసపిట్ట అక్కడికి వెళ్ళింది.

ఒక మెషీన్ ఫోన్‌ను నడుమెత్తు నుంచి రాతిపలక మీదకి వదులుతోంది. ఒకసారి మూల మీద, ఒకసారి అంచు మీద, ఒకసారి బోర్లా. ఇంకోచోట రబ్బరు వేలొకటి ఆగకుండా బటన్ నొక్కుతోంది. మూలనున్న డ్రమ్ములో ఒక ఫోన్ దభదభా దొర్లుతోంది. జీన్స్ ప్యాంటు తొడిగిన దిమ్మ ఒకటి ఫోన్ మీద కూర్చుంటోంది, లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది.

"అమ్మా, ఇది అచ్చం మామయ్యలా ఉంది," అంది వసపిట్ట.

"మీ మామయ్య లాంటివాళ్ళ కోసమే అది. వెనక జేబులో ఫోన్ పెట్టుకుని కూలబడతాడు, ఆనక కంపెనీని తిడతాడు," అంది అమ్మ. గదిలో అందరూ నవ్వారు.

"పాపం, వీటికెందుకమ్మా ఇన్ని తిప్పలు?"

"ఎంత గట్టిదో తెలియాలిగా. తక్కువ ఎత్తు నుంచి మొదలుపెడతాం. తట్టుకుంటే ఎత్తు పెంచుతాం. ఎక్కడ విరుగుతుందో చూస్తాం."

ఆ మాట వసపిట్ట బుర్రలో పాతుకుపోయింది. కొన్నాళ్ళుగా ఆమెకు ఒక బెంగ ఉంది. క్లాసులోకి కొత్తగా వచ్చిన కళ్ళజోడు అమ్మాయి నిదానంతో కలిసి బొమ్మలు వేస్తోంది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మరీ వేస్తున్నారు. నిదానం నన్ను వదిలేసి వెళ్ళిపోతుందా? మా స్నేహం ఎంత గట్టిది?

సోమవారం వసపిట్ట నిదానం రబ్బరు దాచేసింది. నిదానం కాసేపు వెతికి ఊరుకుంది. మంగళవారం నిదానం ఎంత పిలిచినా పలకలేదు. నోరు కట్టుకుని కూర్చోవడం వసపిట్టకే ఎక్కువ కష్టమైంది. ఇవాళ బాక్సు. దేనికీ నిదానం కోప్పడలేదు.

ఇక ఎత్తు పెంచాలి.

సాయంత్రం బెల్ కొట్టాక వసపిట్ట అంది. "నువ్వు గేటు దగ్గరుండు. లైబ్రరీ పుస్తకం ఇచ్చేసి వస్తా. నేనొచ్చేదాకా కదలకూడదు."

"సరే."

"ఒట్టు?"

"ఒట్టు. నువ్వు తొందరగా రా."

వసపిట్ట లైబ్రరీ వైపు నడిచింది. అక్కడి నుంచి గ్రౌండు దాటి, వెనక గేటు నుంచి ఇంటికి వెళ్ళిపోయింది. దారిలో చిన్నగా వాన మొదలైంది. ఎంతసేపు ఉందో రేపు అడుగుదాం, అనుకుంది.

మర్నాడు నిదానం బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. హాజరు వేశాక టీచర్ పుస్తకం మూసింది.

"నిదానం వాళ్ళ అమ్మమ్మ చనిపోయారు," అంది. "తను వచ్చాక ఎవరూ గుచ్చిగుచ్చి అడక్కండి. పక్కన కూర్చోండి. చాలు."

సోమవారం నిదానం వచ్చింది. ఎప్పటిలాగే బ్యాగు బెంచి మీద పెట్టి, ఎప్పటి చోటే కూర్చుంది. ముందు నిదానమే మాట్లాడింది.

"ఆ రోజు సాయంత్రం అమ్మమ్మ నన్ను చూడాలందట. హాస్పిటల్ నుంచి పిన్ని నా కోసం ఇంటికొచ్చింది. నేను దారిలో ఉంటాననుకుని చాలాసేపు చూసింది. చూసి చూసి వెళ్ళిపోయింది."

వసపిట్ట బెంచి అంచు పట్టుకుంది.

"నేను వెళ్ళేసరికి అమ్మమ్మ కళ్ళు మూసుకునే ఉంది. పిలిచాను. పలకలేదు." నిదానం పెన్సిల్ డబ్బా తెరిచింది, మూసింది. "ఆ రోజు నువ్వెందుకు రాలేదు?"

"కడుపునొప్పి వచ్చింది. ఆయా వెనక గేటు నుంచి పంపించేసింది." అబద్ధం గబుక్కున వచ్చేసింది.

నిదానం తల ఊపింది. "ఇప్పుడు తగ్గిందా?" అని అడిగింది.

ఆ రోజు వసపిట్ట తన బాక్సంతా నిదానం ముందు పెట్టింది. మామయ్య కబుర్లు చెప్పింది. నిదానం విన్నది. నవ్వాల్సిన చోట కొద్దిగా నవ్వింది కూడా. పైకి చూస్తే ఏమీ మారలేదు. కానీ ఆ నవ్వు నిదానానిది కాదు.

ఇంట్లో అమ్మ కూరగాయలు తరుగుతోంది.

"అమ్మా, మీ పరీక్షల్లో పాసైన ఫోన్లు ఎవరు కొంటారు?"

"ఎవరూ కొనరు. వాటిని మేం అమ్మం."

"అదేంటి? గీత కూడా పడనివి ఉన్నాయిగా?"

"పైకి గీత పడకపోవచ్చు. లోపల సన్నటి అతుకులుంటాయి. ఏది ఊడిందో, ఏది ఊడబోతోందో పైనుంచి తెలియదు. విరిగినా, విరక్కపోయినా, పరీక్ష పెట్టిన ప్రతి ఫోనూ పారేసే ఎర్ర డబ్బాలోకే పోతుంది."

"మళ్ళీ బాగుచెయ్యరా?"

"చెయ్యం. అందుకే పరీక్షకని కొన్ని విడిగా తయారుచేస్తాం. ఒకరు వాడుకునే ఫోన్‌ను ఎవరైనా కావాలని కింద పడేస్తారా?"

వసపిట్ట కళ్ళు తుడుచుకుంది. అమ్మ తలెత్తి చూసింది. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కూతురి పక్కన నేల మీద కూర్చుంది. ఏడుపు మధ్యలో ఒక్కొక్క మాటా బయటికి వచ్చింది. రబ్బరు, పలకకపోవడం, బాక్సు, గేటు, కడుపునొప్పి.

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని వసపిట్టకు అనిపించింది.

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

"నాకూ తెలియడం లేదురా," అంది.

"ఆ సాయంత్రం మళ్ళీ వస్తే ఎంత బాగుండు."

"రాదు," అంది అమ్మ, మెల్లగా.

మర్నాడు పొద్దున, ప్రార్థన బెల్ కొట్టకముందే, వసపిట్ట రబ్బరు తీసి నిదానం ముందు పెట్టింది.

"ఇది నేనే దాచాను. బాక్సు కూడా నేనే తీసి, సాయంత్రం మళ్ళీ నీ బ్యాగులో పెట్టేశాను. నాకు కడుపునొప్పి రాలేదు. నా కోసం ఎంతసేపు ఉంటావో చూద్దామని వెనక గేటు నుంచి వెళ్ళిపోయాను."

ఇంకా చాలా చెప్పాలని రాత్రి అనుకుంది. కానీ ఇంతే చెప్పి, రబ్బరును నిదానం వైపు జరిపింది.

నిదానం రబ్బరు వైపు చూసింది. ఏ పనైనా తీరిగ్గా చేసే ఆ అమ్మాయి, ఆ మాటలు కూడా తీరిగ్గానే విన్నట్టుంది.

"గేటు వేసేదాకా ఉన్నాను," అంది. "వాచ్‌మన్ తాత వెళ్ళిపొమ్మన్నాడు. వస్తుంది తాతా, ఒట్టు పెట్టుకున్నాం అన్నాను."

తర్వాత పుస్తకాలు ఒక్కొక్కటీ బ్యాగులో సర్దుకుంది. పెన్సిల్ డబ్బా సర్దుకుంది. రబ్బరు మాత్రం తీసుకోలేదు. వెళ్ళి కిటికీ పక్కన, ఖాళీగా ఉన్న చివరి బెంచి మీద ఒక్కతే కూర్చుంది.

ఆ సాయంత్రం వసపిట్ట గేటు దగ్గర నిలబడింది. నిదానం ఆమె పక్క నుంచే, తల తిప్పకుండా వెళ్ళిపోయింది. మర్నాడు కూడా అంతే.

"ఏయ్ వసపిట్టా, మూగనోము పట్టావా?" అన్నారు పిల్లలు. కొన్నాళ్ళకు అనడం మానేశారు.

ఒకరోజు వాన పడుతోంది. పిల్లలందరూ పరుగులు తీశారు. నిదానం చివర్న వచ్చి, మెట్టు మీద కూర్చుని ఊడిన లేసు కట్టుకోసాగింది. వసపిట్ట గొడుగు పట్టుకుని గేటు దగ్గర ఉంది. పిలవలేదు. నా వైపు చూస్తుందా లేదా అని తొంగి చూడలేదు.

నిదానం లేసు కట్టుకుని, గొడుగు తెరుచుకుని, ఆమె పక్క నుంచి నడిచి, మలుపు తిరిగింది.

"ఆ పాప వెళ్ళిపోయిందిగా అమ్మాయ్," అన్నాడు వాచ్‌మన్ తాత. "ఇంకా ఎవరి కోసం?"

"మీరు గేటు వేసేదాకా ఉంటాను తాతా," అంది వసపిట్ట.

తాత తాళం తీసుకురావడానికి లోపలికి వెళ్ళాడు.