మాట్లాడే బ్రెడ్

ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చుంది చిటికె. ఏ పనైనా చిటికెలో అయిపోవాలంటుంది కాబట్టి ఇంట్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. అసలు పేరు బడి హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు.

"తాతయ్యా, ఇంకెంతసేపు?"

"ఇప్పుడేగా అడిగావు! కాస్త వెనక్కి జరుగు. లేకపోతే నీ ముక్కు కూడా కాలుతుంది."

పొద్దున నాన్న నీళ్లు పోస్తుంటే, తాతయ్య ఈస్ట్ కలుపుతుంటే, పిండి పిసికింది చిటికే. గిన్నె అడుగున ఉన్న ముద్ద తడిగుడ్డ కింద పొంగి పొంగి అంచుదాకా వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే అంత ఎలా పెరిగింది? చిటికె గుడ్డ ఎత్తి ఎత్తి చూసింది.

ఓవెన్ చిన్నది కాబట్టి ముద్దను రెండు చేసి, ఒకదాని తర్వాత ఒకటి కాలుస్తున్నారు. మొదటిది అమ్మకి. అమ్మ రైలు ఇంజను నడుపుతుంది. చాలా రోజుల తర్వాత ఈ మధ్యాహ్నం ఇంటికి వస్తోంది. తను చేసిన బ్రెడ్ అమ్మ తినాలి. చిటికె ఆశంతా అదే.

మొదటి బ్రెడ్ బయటికొచ్చింది. దాని వాసన ఇల్లంతా కమ్మేసింది.

"అప్పుడే కత్తి పెట్టకు. అది మాట్లాడటం ఆపాక కోద్దాం," అని తాతయ్య రెండోది ఓవెన్‌లో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

బ్రెడ్ మాట్లాడటమేమిటి! తాతయ్య జోకులన్నీ ఇంతే అనుకుంది చిటికె. బాగా వచ్చిందో లేదో చూడొద్దూ? కత్తి తీసుకుని సర్రున కోసింది.

లోపలంతా జిగట. కత్తికి బంకలా అంటుకుంది. బ్రెడ్ ఒక పక్కకి చతికిలబడింది. అప్పుడే తాతయ్య తిరిగొచ్చాడు.

"అమ్మ కోసం చేశాను తాతయ్యా... నేనే పాడుచేశాను," అని వెక్కివెక్కి ఏడ్చింది.

తాతయ్య తిట్టలేదు. రెండోది కాలేదాకా ఆమెను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదీ నువ్వు పిసికిన పిండేగా. ముట్టుకోకుండా, దాని దగ్గరగా చెవి పెట్టి విను."

చిట్... చిట్... టిక్!

చిటికె ఊపిరి బిగబట్టింది. నిజంగానే మాట్లాడుతోంది!

"పైకి అయిపోయినట్టే ఉంటుంది. లోపల మాత్రం ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. చల్లారుతున్నకొద్దీ పైపొర పగుళ్లిస్తుంది, ఆ చప్పుడే ఇది," అన్నాడు తాతయ్య. చిటికెకి ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉన్న ఈ వింతను తను ఒక్కసారీ వినలేదు!

తలుపు తెరుచుకుంది. అమ్మ!

"అబ్బ, ఏం వాసన! ఆకలి దంచేస్తోంది," అంటూ అమ్మ చేతులు కడుక్కుని నేరుగా కత్తి అందుకుంది. నాన్న ప్లేట్లు పట్టుకుని తయారైపోయాడు.

చిటికె కడుపులోనూ ఎలుకలు పరుగెడుతున్నాయి. అయినా బల్లకి అడ్డంగా నిలబడింది.

"ఆగమ్మా! అది ఇంకా మాట్లాడుతోంది."

"ఏంటీ?"

అమ్మ ఇల్లు చేరేసరికి ఎప్పుడూ బ్రెడ్ చల్లారిపోయి ఉండేది. అందుకే ఈ సంగతి ఆమెకీ కొత్త. కత్తి పక్కన పెట్టి వంగింది. రోజూ ఇంజను హోరు వినే ఆ చెవి, సన్నని చిటపటల దగ్గర ఆగిపోయింది. అమ్మ కళ్లు ఇంతింత అయ్యాయి.

"ఎంతసేపు ఆగాలే?" అని గుసగుసగా అడిగింది.

"అది చెప్పేదంతా చెప్పేదాకా," అంది చిటికె, తను కూడా రెండోవైపు నుంచి దగ్గరగా చెవి పెడుతూ.